గుఱ్ఱమునకు ఏ కళ్లెము?

తల క్రిందికి దించి, తన ముందు భాగపు బరువంతయు రౌతు చేతులమీద మోపు గుఱ్ఱమునకు ఎట్టి కళ్లెము తగును? మరింత కఠినమైనది తెమ్మని తొందరపడువారు అనేకులు. అది న్యాయమా?

క్రీస్తు పూర్వము నాలుగవ శతాబ్దములో గ్రీకు సేనాని జెనొఫోను, నున్నని కళ్లెమొకటి, ముండ్ల కళ్లెమొకటి ఉంచుకొనుమని వ్రాసెను. ముండ్లదానిని కొరుకజూచిన గుఱ్ఱము దానిని విడుచుననియు, పిమ్మట నున్ననిదానికి సంతోషించుననియు ఆయన తలంపు. బలవంతముచే చేయించినదానిలో అందము లేదని చెప్పినవాడును ఆయనే. అయినను ఈ ముండ్ల మాటకు నా మనసొప్పదు.

కళ్లెపు ఇనుము నిలుచు చోటు చూడుము. ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లు లేని చోటది. పలుచని చర్మము, దాని క్రిందనే ఎముక. అచ్చట పుండున్నదేమో, దవడపన్ను వాడి తేలినదేమో మొదట వెదకవలెను. నొప్పిచేతనే ఇనుముమీద పడు గుఱ్ఱములు గలవు. అట్టిదేమియు లేనియెడల, నడుమ కీలును ప్రక్కల వదులు ఉంగరములును గల నున్ననిది మేలు. అది కదలుచుండును గనుక ఆనుకొనుటకు స్థిరమైన ఆధారము దొరకదు.

గుఱ్ఱము లాగుచున్నదందుము, పగ్గము రెండవ కొన ఎవరి చేతనున్నది? ఎడతెగక లాగు చేయి దానికి ఐదవ కాలగును. చేయి క్షణము బిగించి వెంటనే సడలించుచు, నీ కాళ్లతో దాని వెనుక కాళ్లను ముందుకు పురికొల్పినయెడల, తన బరువు తానే మోయ నేర్చుకొనును. ఇందుకు వారములు పట్టును. కఠినమైన కళ్లెము ఒక్క పూటలో తల ఎత్తించును. అందుకే దానిని కొందుము. అంగడికి పోకమునుపు, చేయి సడలించి చూచితివా?