వార్తకు ఆప్తుడెవరు?

ఒకరు చెప్పగా విన్నది ఎప్పుడు జ్ఞానం అవుతుంది, ఎప్పుడు ఉత్త మాటగా మిగిలిపోతుంది అన్నది భారతీయ దర్శనాల్లో పాత తగవు. ఢిల్లీలో ఏం జరిగిందో గుంటూరులో ఉన్నవాడికి తెలిసేది మాట వల్లే. తాను పుట్టిన రోజు ఏదో కూడా ఎవరికైనా ఇంకొకరు చెబితేనే తెలుస్తుంది. అయినా చార్వాకులు ప్రత్యక్షాన్ని తప్ప దేన్నీ ప్రమాణంగా ఒప్పుకోలేదు. వైశేషికులు, బౌద్ధ తార్కికులు శబ్దాన్ని, అంటే మాట వల్ల తెలియడాన్ని, విడిగా లెక్కించకుండా అనుమానంలో, అంటే హేతువుతో ఊహించి తెలుసుకోవడంలో, కలిపేశారు. చెప్పినవాడు నమ్మదగినవాడు కాబట్టి చెప్పిందీ నిజమై ఉండాలని హేతువు పట్టుకుని తేల్చుకోవడమే తప్ప అందులో వేరే ప్రమాణమేమీ లేదన్నారు. నైయాయికులూ మీమాంసకులూ మాత్రం శబ్దం దాని అంతట అదే ప్రమాణమని పట్టుబట్టారు. వార్తల్లోనూ ఆటల కథనాల్లోనూ కనబడే పక్షపాతం గురించి నేడు నడిచే వాదన ఈ తగవుకు కొనసాగింపే.

న్యాయసూత్రాలు ఆప్తుడి ఉపదేశాన్ని శబ్దప్రమాణం అంటాయి. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు భాష్యంలో విప్పి చెప్పాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో నోరు విప్పాలి. మరోచోట ఈ రెంటికీ ప్రాణుల మీద దయను కూడా చేర్చాడు. వినేవాడు తెలియక చెడిపోకూడదన్న పట్టింపు అది. ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఈ లక్షణం అందరికీ సమానమేనని ఆయన తేల్చేశాడు. సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట ఈ మాట అనడం చిన్న విషయమేమీ కాదు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, తెలుగువాడని ప్రతీతి, ఈ నిర్వచనాన్ని ఇంకా కుదించి యథార్థం పలికేవాడే ఆప్తుడని సరిపెట్టాడు. పాఠశాల పిల్లలకు ఆ కుదింపు అనుకూలమే. కాని చెప్పాలన్న కోరిక అనే ముక్క అందులో తెగిపోయింది. పత్రికల విషయానికి వస్తే అసలు పట్టు ఆ ముక్కలోనే ఉంది.

యోగసూత్రాలకు వ్యాసభాష్యం సత్యాన్ని వివరిస్తూ మాటకు మూడు దోషాలు చెబుతుంది. మాట మోసపుచ్చేది కాకూడదు, భ్రమపడినది కాకూడదు, వినేవాడికి ఏమీ అందించని గొడ్డుమాటా కాకూడదు. మొదటి దోషానికి వాచస్పతి మిశ్రుడు ఎత్తి చూపినది ధర్మరాజునే. భారతకథ ప్రకారం అశ్వత్థామ పేరుగల ఏనుగును భీముడు చంపాడు. అశ్వత్థామ చచ్చాడని భీముడే వచ్చి చెప్పినా ద్రోణుడు నమ్మలేదు. యుధిష్ఠిరుడు అబద్ధమాడడన్న పేరుంది కాబట్టి ఆయన్ను అడిగాడు. వచ్చిన జవాబులో ప్రతి మాటా నిజమే, ఏనుగన్న మాట మాత్రం వినీ వినబడకుండా పోయింది. ఆప్తుడన్న పేరు ఎంత గట్టిదైతే మోసం అంత బాగా పారుతుందని ఈ ఘట్టం చూపిస్తుంది.

పత్రికల పక్షపాతం చాలావరకు ఈ జాతిదే. పచ్చి అబద్ధం అచ్చువేస్తే మర్నాడు ఖండన వస్తుంది, పరువునష్టం దావా పడుతుంది. ఏనుగును గొణిగినందుకు ఏ కోర్టూ నోటీసు ఇవ్వదు. ఎన్నికల కాలంలో ఒకే బహిరంగ సభ రెండు తెలుగు పత్రికల్లో ఎలా వస్తుందో చూస్తే చాలు. ఒకదానిలో వేదిక మీది నుంచి తీసిన ఫొటో, పైన ‘పోటెత్తిన జనం’. రెండోదానిలో చివరి వరుసల ఫొటో, పైన ‘ఖాళీ కుర్చీలు’. రెండు ఫొటోలూ నిజమైనవే, గంట అటూ ఇటూగా తీసినవి. డెస్కులో సగం పని క్రియాపదంతోనే అయిపోతుంది. తమవాడు ‘స్పష్టం చేశారు’, అవతలివాడు ‘బుకాయించారు’. తమవాడు ‘నిలదీశారు’, అవతలివాడు ‘అక్కసు వెళ్లగక్కారు’. ఏది బ్యానర్ అవ్వాలి, ఏది జిల్లా పేజీలో సింగిల్ కాలమ్‌గా అణగాలి అన్నదానిలో తక్కిన సగం పూర్తవుతుంది. అసలు రాని వార్త సంగతి పాఠకుడికి తెలిసే దారే లేదు, రెండో పత్రిక కూడా కొంటే తప్ప. టీకొట్టు బల్ల మీద రెండు పత్రికలూ పక్కపక్కన పరిచి చదివే తెలుగు పాఠకుడు ఏ శాస్త్రమూ చదవకుండానే ఈ సంగతి పట్టాడు. ఇక భ్రమ దోషం గడువు ఒత్తిడిలో పుట్టేది, దిద్దుకోవచ్చు. నలుగురు ఒకేసారి అరిచే టీవీ చర్చ గొడ్డుమాటకు సరైన ఉదాహరణ, దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

అయితే ఏదో ఒకటి వదలకుండా ఏ వార్తా రాయడం కుదరదు. టెస్టు మ్యాచ్‌లో ఒక రోజు ఆట అంటే 90 ఓవర్లు, 540 బంతులు. విలేఖరి రాసేది వాటిలో పాతిక ముప్ఫై బంతుల గురించి. కాబట్టి ఎంపికనే పక్షపాతం అంటే ఆప్తుడనేవాడు లోకంలో ఉండడు. ఈ చిక్కును అందరికన్నా బాగా విప్పినవారు జైన తార్కికులు. వారి లెక్కలో ఏ వస్తువుకైనా అనేక ధర్మాలు ఉంటాయి. ఒక ధర్మాన్ని పట్టుకుని, తక్కినవాటిని కాదనకుండా చూసే చూపు నయం. ఆ ఒక్కటే ఉంది, తక్కినవి లేవు అంటే అది దుర్నయం. విడివిడిగా తానే సర్వమనుకున్న ప్రతి నయమూ అసత్యమే, ఒకదాన్నొకటి ఆసరా చేసుకున్నప్పుడు అవే సత్యమని సిద్ధసేన దివాకరుడు సన్మతి తర్కంలో వాదించాడు. భారత జట్టు ఓడితే తెలుగు పత్రిక ఆటల పేజీ ఆ ఓటమిని భారత్ వైపు నుంచి చెప్పడం నయం. పాఠకులెవరో పత్రికకు తెలుసు, పత్రిక ఎవరిదో పాఠకులకు తెలుసు. వదిలేసిన మూడు క్యాచ్‌ల ఊసెత్తకుండా అంపైర్ వల్లే ఓడామని రాస్తే అది దుర్నయం. దృష్టికోణం ఉండటాన్నీ, దాన్ని సమగ్ర సత్యంగా అమ్మడాన్నీ విడదీసే గీత ఇది. పక్షపాతం మీద జరిగే వాదనలు ఎక్కువగా ఈ గీత గీయకపోవడం వల్లే ఎటూ తేలవు.

దోషమంతా చెప్పేవాడిదేనని కూడా అనుకోలేం. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీ జట్లు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాయి. ఆట మొరటుగా సాగింది. ప్రిన్స్‌టన్ తార డిక్ కజ్‌మయర్ ముక్కు విరిగి మైదానం వదిలాడు, ఆ తర్వాత డార్ట్‌మత్ ఆటగాడొకడికి కాలు విరిగింది. ప్రిన్స్‌టన్ 13-0తో గెలిచింది. రెండు కాలేజీల పత్రికలూ రెండు వేర్వేరు ఆటలు జరిగినట్టు రాశాయి. మనస్తత్వ శాస్త్రజ్ఞులు హాస్టార్ఫ్, కాంట్రిల్ ఆట ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు వేసి చూపించి, తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ జట్టు చేసిన తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు సగటున 4.3 కనబడితే ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనబడ్డాయి. ఇదంతా ఒకే రీలు. 1954లో అచ్చయిన వారి వ్యాసంలో అంకెల కన్నా రుచిగల సంగతి ఒకటుంది. పూర్వ విద్యార్థులకు చూపించడానికి ఫిల్ము తెప్పించుకున్న డార్ట్‌మత్ అభిమాని ఒకాయన ముందుగా వేసి చూసుకున్నాడు. పత్రికల్లో గోల చేసిన తప్పులేవీ ఆయనకు అందులో కనబడలేదు. ముఖ్యమైన భాగం కత్తిరించారు, ఆ ముక్క విమానంలో పంపండి, అతికించుకునే సరంజామా మా దగ్గరుంది అని తంతి కొట్టాడు. ఏ ముక్కా తెగలేదు.

ఇదే 1985లో స్టాన్‌ఫర్డ్‌లో వార్తల విషయంలో రుజువైంది. 1982లో బేరూత్‌లోని సబ్రా, షతీలా శిబిరాల్లో జరిగిన ఊచకోత గురించిన టీవీ వార్తలను వలోన్, రాస్, లెపర్ విద్యార్థులకు చూపించారు. ఇజ్రాయెల్ అభిమానులకు అవి ఇజ్రాయెల్‌ను దుయ్యబట్టినట్టు తోచాయి, అరబ్బు అభిమానులకు ఇజ్రాయెల్‌ను వెనకేసుకొచ్చినట్టు తోచాయి. వినేవాడి పక్షం భారతంలోనూ కనబడుతుంది. ధృతరాష్ట్రుడు యుద్ధం సంగతి అడుగుతూ తనవారిని, పాండవులను మొదటి ప్రశ్నలోనే రెండుగా విడదీశాడు. జవాబు చెప్పిన సంజయుడు ఆ రాజు కొలువులోనే ఉంటూ, మొహం మీదే తప్పు నీదని చాలాసార్లు అన్నాడు. జీతమిచ్చేవాడి ఎదుట ఉన్నదున్నట్టు చెప్పిన విలేఖరిగా ఆయన్ను తలచుకోవడం తెలుగు పత్రికారచనలో మామూలే. వినేవాడు అంతా విని కూడా మారలేదన్న సంగతి అంతగా తలచుకోరు.

సాక్షి మాట మీదే సర్వం ఆధారపడిన ఘట్టం క్రికెట్‌లో ఒకటుంది. 2008 జనవరిలో ఆస్ట్రేలియాతో సిడ్నీ టెస్టు. సచిన్ టెండూల్కర్ అజేయంగా 154, హైదరాబాదీ లక్ష్మణ్ 109 చేసినా భారత్ 122 పరుగుల తేడాతో ఓడింది. హర్భజన్ సింగ్ తనను కోతి అన్నాడని ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ ఆరోపణ. ఆ మాట అంపైర్ల చెవిన పడలేదు. మ్యాచ్ రెఫరీ మైక్ ప్రాక్టర్ ఆస్ట్రేలియా ఆటగాళ్ల మాట నమ్మి జాత్యహంకార దూషణ కింద మూడు టెస్టుల నిషేధం వేశాడు. అవతలి కొసన ఉన్న టెండూల్కర్ మాట హర్భజన్ వైపు. అప్పీలులో న్యూజీలాండ్ జడ్జి జాన్ హాన్సెన్ జాత్యహంకార నేరం రుజువు కాలేదని తేల్చి, దుర్భాషకు మ్యాచ్ ఫీజులో సగం జరిమానాతో సరిపెట్టాడు. భారత పత్రికలు దీన్ని దేశానికి జరిగిన అవమానంగా రాశాయి. ఆస్ట్రేలియా పత్రికలు తమ జట్టును వెనకేసుకొచ్చి ఉంటాయని ఇక్కడివారు అనుకోవడం సహజం. అయితే కెప్టెన్ రికీ పాంటింగ్‌ను తొలగించాలని రాసింది సిడ్నీ పత్రికలోనే, క్రికెట్ రచయిత పీటర్ రోబక్. ఏ పక్షపు పత్రిక అన్న లెక్కతోనే మాట విలువ కట్టేవారికి రోబక్ లాంటివాడు అంతుపట్టడు.

పక్షం ఉన్న సాక్షిని ఏం చేయాలన్న ప్రశ్నకు ముస్లిం పండితులు హదీసు శాస్త్రంలో చాలా పదునైన జవాబు చెప్పారు. ప్రవక్త మాటగా చెప్పే ప్రతిదానికీ ఎవరి నుంచి ఎవరు విన్నారన్న వరస ఉండాలి. వరసలోని ఒక్కొక్కరి నడవడినీ, జ్ఞాపకం ఎంత గట్టిదన్నదాన్నీ విడివిడిగా పరీక్షించారు. తప్పుదారి పట్టిన తెగవాడైతే? తెగ పేరు చూసి తోసిపుచ్చలేదు. నిజాయితీపరుడైతే మాట తీసుకోవచ్చు, తన తెగ కోసం ప్రచారం చేసేవాడై చెప్పింది ఆ తెగకే పనికొచ్చేదైతే వద్దు అని చాలామంది నిర్ణయించారు. ఖారిజీ తెగకు చెందిన ఇమ్రాన్ బిన్ హిత్తాన్ చెప్పినది కూడా బుఖారీ సంకలనంలో ఉంది. నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు తేల్చుకోమని ఖురాన్ హుజురాత్ సూరాలో ఆదేశం. విసిరిపారేయమని కాదు. టీవీ చానళ్లకు పార్టీ రంగులు పూసి మాట్లాడేవారికి ఇంత ఓపిక ఉండదు.

విషయం తెలిసీ చెప్పనివ్వని పరిస్థితి ఇంకో రకం, వాత్స్యాయనుడి రెండో షరతు తెగేది ఇక్కడే. 2013లో ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఇయాన్ చాపెల్ భారత్‌లో వ్యాఖ్యానానికి వచ్చిన పిలుపును కాదన్నాడు. జట్టు ఎంపిక, డీఆర్ఎస్ (అంపైర్ నిర్ణయాల సమీక్ష), క్రికెట్ బోర్డు పాలన గురించి మాట్లాడకూడదన్న షరతే కారణమని చెప్పాడు. వ్యాఖ్యాతకు ఆట తెలుసు, అబద్ధమూ చెప్పడు, అయినా ఆప్తుడు కాలేడు. ఇంతకన్నా బరితెగించినది పెయిడ్ న్యూస్. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని ప్రకటనలను వార్తలుగా వేసిన బాగోతంపై ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. పేర్లతో సహా వారిచ్చిన 71 పేజీల నివేదికను కౌన్సిల్ మొదట బయట పెట్టలేదు. 2010లో కుదించిన ప్రతి మాత్రమే ఇచ్చింది. కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక 2011లో గాని పూర్తి ప్రతి వెలుగు చూడలేదు. వార్తను దాచడం గురించిన నివేదికకూ అదే గతి పట్టింది.

ఇంత చూశాక ఎవరి మాటా నమ్మకూడదనిపించవచ్చు. మీమాంసకుడైన కుమారిల భట్టు దీన్ని ఒప్పుకోడు. జ్ఞానం కలగగానే ప్రమాణమే, దోషం కనబడినప్పుడే తోసిపుచ్చాలి అని ఆయన మతం. నైయాయికులు ప్రామాణ్యాన్ని బయటి నుంచి సరిచూసుకోవాలంటారు. రోజువారీ బతుకులో రెండూ కావాలి. బస్సుల బంద్ వార్తకు కుమారిలుడు చాలు, ఎన్నికల పేజీకి నైయాయికుడు కావాలి. దోషాలు మాటలో ఉండవు, పలికేవాడిలో ఉంటాయి, పలికినవాడే లేడు కాబట్టి వేదానికి దోషం అంటదు అని మీమాంసకుల వాదం. ఆ అపౌరుషేయ గౌరవాన్ని నేడు ఫోనులో తిరిగే వీడియో ముక్క కొట్టేసింది. కళ్లారా చూశాం, ఇందులో ఎవడి మాటా లేదు అంటారు. కెమెరాను ఆ మూల నిలబెట్టినవాడూ, ముందువెనకలు కోసినవాడూ పురుషులే. ప్రిన్స్‌టన్ రీలులా కోయకుండా ఉన్నదాన్ని కూడా చూసేవాడు తన చూపుతో కోసుకుంటాడు.

నయవాదాన్ని చేతగాని సమతూకానికి సాకుగా వాడటమూ ఉంది. ఇద్దరి వాదనా చెరి సగం వేశాం, మా పని అయిపోయింది అనేది ఆ వాడకం. నయం అనిపించుకోవాలంటే పట్టుకున్న ధర్మం ముందు ఆ వస్తువులో ఉండాలి. లేనిదాన్ని పట్టుకున్న మాట నయమూ కాదు, దుర్నయమూ కాదు, వట్టి అసత్యం. సిడ్నీలో సైమండ్స్ 30 పరుగుల మీద ఉండగా ఇశాంత్ శర్మ బంతి బ్యాటును తాకి కీపర్ చేతిలో పడింది. అంపైర్ స్టీవ్ బక్‌నర్ ఔటివ్వలేదు. సైమండ్స్ 162తో అజేయంగా నిలిచాడు. తాకిందా లేదా అన్నది రెండు దేశాల దృష్టికోణాల సంగతి కాదు. తాకిందని ఆ సాయంత్రం సైమండ్సే చెప్పాడు.