మోసపు ఉత్తరమును చూచి ఊరకుండవచ్చునా?



విశాఖ జాలరిపేటలో వల లాగు చేతిలో కూడ నేడు సెల్‌ఫోనున్నది. అందులోనికి ఈమెయిలు వచ్చుచున్నది. మరణపడకమీదనున్న ఒక విదేశపు విధవరాలు తన ఆస్తిని దేవుని పనికి ఇయ్యగోరుచున్నదనియు, ముందుగా కొంత రుసుము పంపవలెననియు ఒక ఉత్తరము. బ్యాంకు ఖాతా నిలిచిపోవును, వెంటనే ఈ లింకు నొక్కుమని మరియొకటి. మోసమని తెలిసినవాడు దానిని తుడిచివేసి ఊరకుండును. నష్టపోయినవాడు సిగ్గుచేత నోరు మూసికొనును. ఈ మౌనము దోషమగునా?

"నా సొమ్ము పోలేదు గదా, నాకేమి?" అందురు. లేవీయకాండము 5వ అధ్యాయపు మొదటి వచనము, తాను చూచినదానిని లేక తెలిసినదానిని తెలియజేయని సాక్షి తన దోషమును భరించునని చెప్పుచున్నది. అది ఒట్టు పెట్టబడిన సాక్షిని గూర్చినదే, నిజమే. అయినను దొంగను గూర్చి గాక, చూచి ఊరకున్నవానిని గూర్చి ధర్మశాస్త్రము పలికినదని గమనించుడి. చేపలు దొరికిన చోటును దాచుకొన్నను దాచుకొనవచ్చును గాని, రాయి తగిలి వల చినిగిన చోటును దాచువానిని పేటలో ఏమందురు?

ఇక సిగ్గు మాట. యెహోషువ 9వ అధ్యాయములో గిబియోనీయులు పాత చెప్పులు, బూజు పట్టిన రొట్టెలు చూపి, దూరదేశమునుండి వచ్చితిమని నమ్మించిరి. నేటి దొంగ ముద్రలు, దొంగ సంతకములు ఆ రొట్టెలవంటివే! మూడు దినములకు మోసము బయటపడెను. సమాజము ప్రధానులమీద సణిగినను వారు సంగతిని దాచలేదు. యెహోషువ మోసగించినవారిని పిలిపించి అడిగెను. మోసపోవుట బుద్ధిహీనులకే జరుగుననువారు ఈ అధ్యాయమును చదువవలెను.

సొమ్ము పోయినయెడల గడియయైనను ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆ సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు నిమిషములలో పరుగెత్తును. మోసగాడు తీసికొనకమునుపే తెలిసిన యెడల బ్యాంకు దానిని నిలుపుటకు అవకాశము కలదు. కేంద్ర ప్రభుత్వపు సైబర్ క్రైమ్ పోర్టల్‌లోను ఫిర్యాదు వ్రాయవచ్చును. సొమ్ము పోకున్నను, మెయిలులోనే స్పామ్ లేక ఫిషింగ్ అని తెలుపు వీలున్నది. అంతవరకు ఉత్తరమును తుడిచివేయరాదు, అదియే రుజువు. ఫిర్యాదుకు రుసుము లేదు. పోయినది తెప్పింతునని రుసుము అడుగువాడు రెండవ మోసగాడు.

అయితే ఆ ఉత్తరము వ్రాసినవాడెవడు? 2024 మే నెలలో విశాఖపట్నము పోలీసులు ఒక సంగతిని బయటపెట్టిరి. డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి, ఏజెంట్లు ఈ ప్రాంతపు యువకులను కంబోడియాకు పంపిరి. అక్కడ వారిచేత బలవంతముగా సైబరు మోసములు చేయించిరి. ఆ నెలలోనే సిహనూక్‌విల్‌లో వందలాది భారతీయులు తిరుగబడిరి. కొందరు విశాఖ విమానాశ్రయమునకు తిరిగివచ్చిరి. కాబట్టి మనకు ఉత్తరము వ్రాసిన చెయ్యి కట్టబడిన చెయ్యియై యుండవచ్చును, మన పొరుగింటి కుమారునిదే కావచ్చును. అట్టివానిని శపించుటకు నాకు నోరు రాదు.

అందుచేత ఫిర్యాదు మానవలెనా? మన మౌనమువలన లాభము పొందునది వానిని కట్టినవాడే గాని వాడు కాడు. ఆ విశాఖ కేసు కూడ ఒక బాధితుడు సిగ్గు విడిచి ఇచ్చిన ఫిర్యాదుతోనే కదిలెను.