పెకలించిన చోట ఏం నాటుతాం?

మొక్క మీద ఉద్యమం నడిపేవాళ్లకు అవతలి పక్షం నుంచి బదులు రాదు. సర్కారు తుమ్మ తరఫున మాట్లాడడానికి ఏ సభలోనూ ఎవరూ లేవరు. దాన్ని ఎన్ని మాటలన్నా పడి ఉంటుంది. అందుకే న్యాయంగా మాట్లాడే బరువు పూర్తిగా మన మీదే పడుతుంది. చెరువులను ఈ తుమ్మకంప నుంచి విడిపించే పనిలో ముందు నడిచే మనిషిగా నన్ను వదలని ప్రశ్నలు మూడు: దేన్ని ఎదిరిస్తున్నాం? ఎవరి కోసం? పెకలించిన తరువాత ఏం చేస్తాం?

ఈ చెట్టు తనంతట తాను మన దగ్గరికి రాలేదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ప్రాంతాలు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ బెడ్డోమ్ దీని విత్తనాలు తెప్పించాలని రెవెన్యూ శాఖకు రాశారు. ఆ తరువాత ఏడాది రెండేళ్లలోనే కడప జిల్లా కమలాపురంలో దీన్ని నాటారు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకున్న రోజులవి. వాన లేకపోయినా బతికే చెట్టు, పొయ్యిలోకి కట్టె ఇచ్చే చెట్టు కావాలనుకోవడంలో నాకు దురుద్దేశం కనిపించదు. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించి కాపాడింది. 1960ల మొదట్లో కచ్‌లోని బన్ని గడ్డిభూముల్లో, ఉప్పునేల ముందుకు పాకకుండా ఆపాలని గుజరాత్ అటవీ శాఖ నాటించింది. ప్రతిచోటా ఉద్దేశం మంచిదే. ప్రతిచోటా చెట్టు మాత్రం తనకు చూపించిన హద్దు దాటింది.

ఎలా దాటిందో చెరువుకట్ట మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. దాని ఆకును మేక కూడా ఇష్టపడదు. కాయ మాత్రం తియ్యన. పశువులు, గొర్రెలు ఆ కాయలు తిని ఊరంతా తిరుగుతాయి. గింజ అరగదు సరికదా, కడుపులో పైపొర మెత్తబడి, పేడలోంచి ఇంకా సులువుగా మొలుస్తుంది. వేరు లోతుకు దిగుతుంది. పైపైన నరికితే మొదలు చుట్టూ గుంపుగా పిలకలు లేస్తాయి. చెరువులోకి నీళ్లు తెచ్చే వంకల్లో, తూము ముందు, అలుగు దగ్గర అల్లుకుని నీటి దారిని మూసేస్తుంది. దాని కింద గడ్డి బతకదు. తమిళనాడులోని కోడియక్కరై అభయారణ్యంలో కృష్ణజింకలు మేసే పచ్చికను సైతం ఇది ఆక్రమించింది.

ఇంత జరిగినా, సభల్లో ‘విదేశీ మొక్క’ అని గొంతు పెంచగానే పడే చప్పట్లు నాకు నచ్చవు. గుంటూరు మిరప అమెరికా ఖండం నుంచి వచ్చిందే. అనంతపురం మెట్టరైతు దశాబ్దాలుగా నమ్ముకున్న వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. మరోవైపు, దసరానాడు ప్రదక్షిణం చేసి మొక్కే జమ్మి ఈ సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. నిన్నమొన్నటి వరకు శాస్త్రజ్ఞులు రెంటినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో ఉంచారు. జమ్మి చుట్టూ రాజస్థాన్ రైతు సజ్జ పండించుకుంటాడు, దాని ఆకు మేకలకు మేత. అంటే తప్పు పుట్టిన చోటులో లేదు, వంశంలోనూ లేదు. పక్కనున్న ప్రాణులను బతకనిస్తుందా, లేదా? మొక్కను తూచవలసిన తూనిక ఇదొక్కటే. మనుషులను పుట్టిన ఊరును బట్టి వెలివేసే మాటలు వినిపిస్తున్న కాలంలో, చెట్టు పేరు చెప్పి ఆ అలవాటుకు నీళ్లు పోయకూడదు. అలాంటి కోపంతో కూడగట్టిన జనం రేపు దేని మీదికి తిరుగుతారో నాయకుడికి కూడా తెలియదు.

అబద్ధానిదీ ఇదే సంగతి. సర్కారు తుమ్మ గాలిలోని తేమను కూడా పీల్చేస్తుందని, దాని నీడన కట్టేసిన పశువు గొడ్డుపోతుందని ఫోన్లలో తిరిగే మాటలు చాలామంది నమ్మారు. వాటిని మైకులో చెబితే వంద మంది ఎక్కువ రావచ్చు. నేను చెప్పను, చెప్పనివ్వను. పూడిన వంక, మూసుకుపోయిన అలుగు, మాయమైన పచ్చిక కళ్లెదుట ఉన్నాయి. అవి చాలు. కాయలోని తీపి, పూతలోని తేనె, నేలకు చేర్చే నత్రజని, పచ్చిగా ఉన్నా మండే కట్టె ఈ చెట్టులో ఉన్న మంచి. ఆ మంచిని దాచి నడిపే ఉద్యమం, పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి ఒక్క ప్రశ్న వేస్తే కూలిపోతుంది.

ఆ ప్రశ్న నన్ను అడిగారు కూడా. కడప వైపు ఒక పల్లెలో మేం చెరువు పని గురించి చెబుతుంటే, తలమీద కంపకట్టెల మోపుతో పోతున్న పెద్దావిడ ఆగి, “చెరువుకు నీళ్లొస్తే మంచిదే నాయనా. మడి ఉన్నోళ్లు పండించుకుంటారు. మాకు మడి లేదు. కంప లేకుంటే మా పొయ్యి ఎట్ట మండాల?” అంది. ఆమె మాటకు ఆ సభలో నేను ఇవ్వాల్సిన జవాబు చెట్టు గురించి కాదు, భూమి గురించి. కంప కొట్టి అమ్మేవాళ్లు, బొగ్గు బట్టీల దగ్గర పొగలో బతికేవాళ్లు, వాళ్లలో ఎన్నో యానాది కుటుంబాలు ఈ చెట్టును కోరి తెచ్చుకోలేదు. ఊరిలో భూమి, నీరు, నీడ అందనివాళ్లకు ఈ ముళ్లకంప ఒక్కటే అడగకుండా అందింది. చెరువు బాగుపడి మడి ఉన్నవాడికి లాభం, కంప పోయి మడి లేనివాడికి నష్టం అయితే, దాన్ని పర్యావరణ ఉద్యమం అనడానికి నాకు నోరు రాదు. అప్పటి నుంచి మా పనిలో ఒక నియమం ఉంది. కొట్టిన కట్టెలో మొదటి వాటా, పెకలించే పనిలో మొదటి కూలి కంప మీద బతికేవాళ్లవే. చెరువు అంచున నాటే నల్లతుమ్మ, కానుగల మీద కట్టెహక్కు కూడా వాళ్లకే ఉండాలని పంచాయతీలో పట్టుబడతాం.

చెట్టును పెకలించినవాడు నేలకు బాకీ పడతాడు. యంత్రం వచ్చిన రోజు ఊరంతా వస్తుంది, ఫొటోలు దిగుతుంది, సాయంత్రానికి చెరువు బోడిగా, విశాలంగా కనిపిస్తుంది. కానీ మొదలును నేలకు సమంగా కోసి వదిలితే పని జరగనట్టే. పిలకలు పుట్టే భాగం మట్టి కిందే ఉంటుంది, దాన్ని తవ్వి తీయాలి. తీసినా గింజలు నేలలో ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి. ప్రతి వాన తరువాత మొలకలను చేత్తో పీకాలి. ఖాళీ నేలలో వెంటనే గడ్డో, చెట్టో వేయకపోతే మళ్లీ కంపే వస్తుంది, లేదా వయ్యారిభామ కలుపు వస్తుంది. కోపం ఒక పూట పని చేయిస్తుంది. వచ్చే ఏడాది వానకు మనిషిని చెరువులోకి దింపేది ప్రేమే. కంప మీద ద్వేషం కన్నా చెరువు మీద మమత పెద్దదైన ఊళ్లలోనే పని నిలిచింది.

ఇది ఒక్క చెట్టు గొడవ కాదు. మనుషులు ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చిన జాతులు ప్రపంచంలో 37,000కు పైగా ఉన్నాయని, వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయని జీవవైవిధ్యంపై పనిచేసే అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల వేదిక 2023లో తేల్చింది. ఇప్పటిదాకా నమోదైన జాతుల అంతరింపుల్లో 60 శాతానికి ఇవీ ఒక కారణమే. వీటిలో ఎన్నో ఎవరో అందం కోసమో, ఆదాయం కోసమో, పచ్చదనం కోసమో తెచ్చినవే. మన నగరాల డివైడర్ల మీద కోనోకార్పస్ నాటిందీ తొందరగా పచ్చబడుతుందనే. తరువాత వద్దనుకుని కొట్టేయవలసి వచ్చింది. కమలాపురంలో విత్తనం వేసిన రోజుకూ, డివైడర్ మీద మొక్క పెట్టిన రోజుకూ మధ్య నూరేళ్లకు పైగా గడిచాయి. అడగవలసిన ప్రశ్న రెండుసార్లూ అడగలేదు: ఇది ఇక్కడ ఎవరితో కలిసి బతుకుతుంది?

ఆ ప్రశ్న అడిగినవాళ్లూ ఉన్నారు. చెరువులను కప్పేసే గుర్రపు డెక్కను అదుపు చేయడానికి 1980ల్లో బెంగళూరు శాస్త్రజ్ఞులు అది పుట్టిన నేలకు చెందిన ముక్కుపురుగులను తెప్పించారు. అవి మన పంటలను ముట్టవని పరీక్షించాకే నీళ్లలోకి వదిలారు. పరాయి ప్రాణిని తేవడం పాపం కాదు. పరీక్షించకుండా వదలడం పాపం.

చదివేవాళ్లను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. అక్వేరియంలో విసుగొచ్చిన చేపను చెరువులో వదలకండి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని పీకండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం మీ పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి. ఊరి జీవజాతుల రిజిస్టర్ చూపించమని అడగండి, అందులో మీ చెరువు చరిత్ర రాయించండి. చెరువులో కంప తీసే రోజు తప్పకుండా వెళ్లండి. మరుసటి వానకు మొలకలు పీకే రోజు కూడా వెళ్లండి. మనుషులు దొరకనిది ఆ రోజునే.