కుశలం అంటే నేర్పా, మంచితనమా?



మీరు చిల్లకల్లు టోల్‌గేటు దగ్గరో, నందిగామ బైపాస్ మీదో నిలబడి ఉన్నారు. పోలీసు బండి ఒకటి సైరన్ వేసుకుని రయ్యిన దూసుకుపోయింది. ఏం చేస్తారు? తల తిప్పి చూస్తారు. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళయితే గ్లాసు పక్కన పెట్టి మరీ చూస్తారు. లారీకీ బస్సుకీ మధ్య ఉన్న కాస్త సందులోంచి సూదిలో దారంలా బండిని లాగేసినవాణ్ణి చూసి "అబ్బ, ఏం తోలాడ్రా!" అంటారు. అంటే తప్పేముంది? ఒక మనిషి తన పనిలో చూపించిన నేర్పును ఇంకో మనిషి అసూయ లేకుండా చూసి సంతోషపడటం ధమ్మంలో మంచి గుణమే. దాని పేరు ముదిత. మైత్రి, కరుణల సరసన చెప్పిన గుణం అది.

అయినా మన విహారాల్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా రెండు రకాల జవాబులు వింటుంటాను. "వేగం తృష్ణ, దాన్ని మెచ్చుకోకూడదు" అంటారు కొందరు. "పోలీసు బండిని మనం మెచ్చుకునేదేంటి, అది మన పల్లెకి ఎందుకొస్తదో తెలీదా?" అంటారు ఇంకొందరు. మొదటిది పుస్తకం చదివినవాళ్ళ మాట, రెండోది దెబ్బలు తిన్నవాళ్ళ మాట. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ ఈ ఇద్దరూ బండిని చూస్తున్నారు గానీ తోలేవాణ్ణి చూడటం లేదు. అందుకని ఒక డ్రైవర్ సంగతి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట, మిరప కోతల కాలం. కూలి డబ్బుల గొడవలో తలకి దెబ్బ తగిలిన ఒక మనిషిని జగ్గయ్యపేట ఆసుపత్రి నుంచి విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. 108 బండి ఇంకో కేసు మీద వెళ్ళింది. విచారణకి వచ్చిన అధికారి తన బండి ఇచ్చి పంపాడు. తోలేది ఒక హోంగార్డు. నలభై దాటిన మనిషి. పర్మినెంటు కాదు, డ్యూటీ చేసిన రోజుకే డబ్బులు. వెనక సీట్లో దెబ్బ తగిలిన మనిషి తల అతని భార్య ఒళ్ళో ఉంది. నేను ముందు కూర్చున్నాను. అప్పటికి ఇంకా తెల్లారలేదు, రోడ్డు మీద పలచగా మంచు.

అంత వేగంగా పోయే బండిలో నేను అంతకుముందెప్పుడూ కూర్చోలేదు. మొదటి అయిదు నిమిషాలు కాళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. తర్వాత అతన్ని చూడటం మొదలుపెట్టాను. స్టీరింగ్ మీదికి వంగలేదు. పళ్ళు బిగించలేదు. చూపు దగ్గర్లో లేదు, కనిపించినంత దూరం వెళ్ళి అక్కడ నిలిచి ఉంది. సిమెంటు లారీలు వరసగా పోతున్నాయి. "లారీ ఇండికేటర్ని నమ్మకన్నా, ముందు చక్రం చూడు. చక్రం అబద్ధం చెప్పదు" అన్నాడు. ఒకచోట ముందున్న లారీ కొంచెం కుడికి జరగ్గానే ఇతను కాలు తీశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. లారీని దాటాక చూస్తే దాని ముందు పత్తి లోడు ట్రాక్టరు, వెనక దీపం లేకుండా పోతోంది. నాకు కనపడక ముందే అతనికి తెలిసిపోయింది.

కొనకంచి క్రాస్ రోడ్డు ఇంకా దూరంగా ఉండగానే బండి నెమ్మదించాడు. సైరన్ కూడా ఆపేశాడు. డివైడర్ సందు దగ్గర మిరప కోతకెళ్ళే ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆటో కోసం నిలబడి ఉన్నారు. "సైరనేస్తే బెదిరి పరిగెడతారన్నా. బెదిరినోళ్ళు ఎటు దూకుతారో దేవుడిక్కూడా తెలీదు" అన్నాడు. దేవుడి సంగతి అలా ఉంచితే మాట మాత్రం నిజం. వాళ్ళని దాటేదాకా నలభైలో వెళ్ళి, దాటాక మళ్ళీ అందుకున్నాడు.

ఆసుపత్రి దగ్గర దిగాక "ఎంత స్పీడులో వచ్చాం తమ్ముడూ?" అని అడిగాను. "మీటరు కంటే అద్దంలో ఆయన తలే ఎక్కువ చూశానన్నా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. దారి పొడుగునా వెనకున్న ఆ తల ఒక్కసారి కూడా గట్టిగా ఊగలేదు. ఆ మనిషి బతికాడు, మళ్ళీ పనుల్లోకి వెళ్తున్నాడు.

మీరు టీ కొట్టు దగ్గర నిలబడి మెచ్చుకునేది ఈ నేర్పులో సగమే. రయ్యిన పోవడం బయటికి కనిపిస్తుంది. కాలు తీసేయడం కనిపించదు. లోపల కూర్చుంటేనే తెలుస్తుంది.

బుద్ధుడు మాట్లాడిన భాషల్లో కుసల అనే మాట ఉంది. మనం ఊరి నుంచి వచ్చినవాళ్ళని "కుశలమా" అని అడిగేది దాన్నే. ఆ ఒక్క మాటకి నేర్పు అనే అర్థమూ ఉంది, మంచి అనే అర్థమూ ఉంది. కుశ గడ్డిని చెయ్యి తెగకుండా కోయగలిగేవాడు కుశలుడు అని పాత వివరణ ఒకటి చెబుతారు. ఆ గడ్డితో మనకి పనిలేదు గానీ పోలిక బాగుంది. వేగంగా కోయాలి, తెగకూడదు. ధమ్మంలో అకుశలానికి మూడు వేళ్ళు చెప్పారు: లోభం, ద్వేషం, మోహం. వాటిని డ్రైవర్ కాలి కింద పెట్టి చూడండి. నలుగురూ నన్ను చూడాలి అని తొక్కితే అది లోభం. వాడు నన్ను దాటిపోతాడా అని తొక్కితే ద్వేషం. నాకేమీ కాదులే అని తొక్కితే మోహం. చెయ్యి ఎంత తిరిగినదైనా కావచ్చు, ఈ మూడింటిలో ఏది ఉన్నా ఆ తోలడం కుశలం కాదు.

నేర్పుకీ ధమ్మానికీ చుట్టరికం మన ప్రాంతానికి కొత్తది కాదు. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏలుబడి సంవత్సరానిది. అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టినవాడు రాజు కాదు, సేఠూ కాదు. సిద్ధార్థుడు అనే పనివాడు. అతని తండ్రి కూడా పనివాడే. తల్లి పేరూ భార్య పేరూ రాతి మీద చెక్కించాడు. తన చేతి పనిని చూసుకుని గర్వపడ్డాడనే అనుకుంటాను. ఆ గర్వం ఎవరి ముందు దించాలో కూడా అతనికి తెలుసు.

ఇక లెక్క. నందిగామ నుంచి జగ్గయ్యపేట సుమారు 30 కిలోమీటర్లు. గంటకి 80 చొప్పున వెళ్తే ఇరవై రెండున్నర నిమిషాలు. 120లో వెళ్తే పదిహేను. మిగిలేది ఏడున్నర నిమిషాలు. తలకి దెబ్బ తగిలినవాడికి ఆ ఏడున్నర నిమిషాలు ప్రాణమే కావచ్చు. మీటింగుకి పోయేవాడికి అది ఒక టీ తాగే సమయం. మరి దానికి పెట్టే ఖర్చు ఎంత? 120లో పోయే బండి ఒక్క సెకనులో 33 మీటర్లు పోతుంది. కన్ను చూసి కాలు కదిలేలోపే అంత దూరం అయిపోతుంది. బ్రేకు పడ్డాక ఆగే దూరం, 60లో ఉన్నదానికి రెట్టింపు కాదు, నాలుగింతలు. ఎంత నేర్పరి తోలినా ఈ లెక్క మారదు. రోడ్డు దాటే ముసలమ్మకి ఈ లెక్క తెలీదు, ఆమెకి తెలియాల్సిన అవసరం కూడా లేదు. తోలేవాడికి తెలియాలి. తోలించేవాడికి ఇంకా బాగా తెలియాలి.

ఎందుకంటే అదే హోంగార్డు తర్వాతెప్పుడో కనిపించి ఇంకో సంగతి చెప్పాడు. "మొన్న ఒకాయనకి పెళ్ళికి లేటవుతుందని నూట ముప్ఫైలో తోలించారన్నా. చెయ్యి అదే, రోడ్డదే. కానీ దిగాక అదోలా ఉంది." 2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు తీసేశారు. బుగ్గ పోయింది గానీ తొందర పోలేదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ప్రజ్ఞను కత్తితో పోల్చారు. శీలం ఉన్నవాడి చేతిలో అది ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడుతుంది, శీలం లేనివాడి చేతిలో హత్య చేస్తుంది అన్నది దాని భావం. బండి కూడా అంతే. కానీ ఇక్కడ చిక్కు ఏంటంటే కత్తి ఒకరి చేతిలోనూ, హుకుం ఇంకొకరి నోట్లోనూ ఉంది. ఎక్కడికి పోవాలో డ్రైవర్ నిర్ణయించడు. మరి పాపం ఎవరిది? నా మట్టుకు నేను ఇలా అనుకుంటాను. గమ్యం అతనిది కాదు, కాలు మాత్రం అతనిదే. "సార్, ముందు మనుషులున్నారు" అనే ఒక్క మాట అతను అనగలడు. అది సమ్యక్ వాక్కే. అయితే రోజు కూలి మీద బతికే హోంగార్డు ఆ మాట అంటే రేపు డ్యూటీ పడకపోవచ్చు. కరపత్రాలు రాసే మనం కుర్చీలో కూర్చుని అతని నుంచి వీరత్వం అడగటం సులువు. కాబట్టి ఆ మాట అతను అనక ముందే వెనక సీటువాడు అనాలి. బాధ్యతలో పెద్ద వాటా వెనక సీటుదే.

ఇప్పటిదాకా శీలం లేని నేర్పు గురించి చెప్పాను. నేర్పు లేని శీలం కూడా ఉంది. అది మనవాళ్ళకి బాగా తెలిసి ఉండాల్సిన కథ. బాబాసాహెబే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. 1929లో ఆయన బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా తిరుగుతూ చాళీస్‌గావ్‌లో దిగారు. మహర్‌వాడ జనం తమ దగ్గరికి రమ్మని పట్టుబట్టారు. ఆయన స్టేషన్లో చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. ఎట్టకేలకు టాంగా వచ్చింది. బయల్దేరిన కాసేపటికే మోటారు కారుకి తగలబోయింది. ఒక పోలీసు గట్టిగా అరిస్తే కారువాడు వెనక్కి లాగి తప్పించాడు. రోజూ బాడుగకి తోలేవాడికి ఇంత చేతకాకపోవడమేంటని బాబాసాహెబ్ ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత వంతెన దగ్గర చక్రం రాయికి తగిలింది. ఆయన రాళ్ళ మీద పడి స్పృహ తప్పారు. గుర్రమూ టాంగా ఏట్లో పడ్డాయి. కాలు విరిగింది.

తర్వాత తెలిసింది అసలు సంగతి. టాంగావాలాలు ఎవరూ అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. బండిని మాత్రం అద్దెకిచ్చారు. డబ్బుకి మైల లేదు మరి. అతిథిని నడిపించి తీసుకురావడం గౌరవం కాదని మహర్‌వాడ మనిషి ఒకడు పగ్గాలు పట్టాడు. అతను ఎప్పుడూ టాంగా తోలినవాడు కాదు.

ఈ కథని మనం ఎప్పుడూ కుల అవమానం కథగానే చెప్పుకుంటాం. అది సరైనదే. కానీ ఇంకోసారి చదవండి. నేర్పు ఉన్నవాళ్ళు ఇంటి దగ్గర కూర్చున్నారు. ప్రేమ ఉన్నవాడు పగ్గాలు పట్టాడు. ప్రేమ ఒక్కటే గుర్రాన్ని తోలలేకపోయింది. పగ్గాల దగ్గరికి మనవాళ్ళని తరతరాలుగా రానివ్వకపోతే నేర్పు ఎక్కడి నుంచి వస్తుంది? గుర్రం ఎక్కితే దింపి కొట్టిన దేశం ఇది. ఆ హోంగార్డు నందిగామ వైపు మన పల్లె మనిషే. ముందే చెబితే మనోడని మెచ్చుకుంటున్నానని మీరు అనుకుంటారని చెప్పలేదు. ప్రభుత్వ బండి స్టీరింగ్ మీద అతని చేతులు అంత నిబ్బరంగా ఉండటం చూసి నా మనసు పొంగింది. అది ఉత్త వేగం మోజు కాదు.

మరి "మన మనసు మంచిది, చాలు" అనుకునేవాళ్ళకి చాళీస్‌గావ్ వంతెన చాలు. విహారంలో పంచశీల చెప్పుకుని, బయటికొచ్చి లైసెన్సు లేకుండా, హెల్మెట్ లేకుండా, ముగ్గురేసి బండెక్కితే ఆ శీలం సగం దారిలోనే దిగిపోతుంది.

అయిదో శీలంలో పమాదట్ఠాన అనే మాట ప్రతి వందనలోనూ అంటున్నాం. తెలుగులో ప్రమాదం అంటే యాక్సిడెంటు. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. ఏమరుపాటు అనే అర్థం పాతది, యాక్సిడెంటు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. హైవే మీద "ప్రమాదాలు జరుగు స్థలము" అని బోర్డు పెడతారు. రోజూ వందనలో మనం అనే మాటే ఆ బోర్డు మీద ఉంది, మనమే గుర్తుపట్టం. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలం ముళ్ళపాడు దగ్గర ప్రైవేటు బస్సు డివైడర్ని గుద్ది కల్వర్టులో పడి పదిమందికి పైగా పోయారు. నందిగామ ఆసుపత్రి ముందు ఆ రోజు చేరిన జనాన్ని మీలో కొందరు చూసే ఉంటారు. ఆ రోజుల్లో అందరూ బస్సు వేగం గురించే మాట్లాడుకున్నారు. బుద్ధుడు చివరగా చెప్పింది అప్పమాదం గురించి, అంటే ఏమరకుండా ఉండటం గురించి. అతను అద్దంలో ఆ తలను చూస్తూ తోలాడే, దానికి నాకు వేరే పేరు దొరకలేదు.

అంగుళిమాలుడు పరిగెత్తే రథాన్ని కూడా పట్టుకోగలిగినవాడు. మామూలుగా నడిచిపోతున్న బుద్ధుణ్ణి అందుకోలేకపోయాడు. ఆగమని అరిచాడు. నేను ఆగే ఉన్నాను, ఆగాల్సింది నువ్వే అన్నాడు బుద్ధుడు. చిన్నప్పుడు ఇది మహిమ కథ అనుకునేవాణ్ణి. ఇప్పుడు కొనకంచి క్రాస్ రోడ్డు గుర్తొస్తుంది.

ఏప్రిల్ 14 వస్తోంది. మన ర్యాలీల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను, కోపం తెచ్చుకోవద్దు. నీలి జెండాలు కట్టి, సైలెన్సర్లు పీకేసి హైవే మీద మన కుర్రాళ్ళు పందేలు వేస్తున్నారు. వాళ్ళని తిట్టి లాభం లేదు. తోలడం అంటే మోజు ఉన్నవాళ్ళని ముందు లైసెన్సు తీసుకోమందాం. మన పల్లెల్లోనే ఉన్న ఆర్టీసీ డ్రైవర్లనీ, లారీ డ్రైవర్లనీ, ఇలాంటి హోంగార్డులనీ పిలిచి రెండు ఆదివారాలు వాళ్ళ పక్కన కూర్చోబెడదాం. ర్యాలీ ముందు వరసలో బండ్లు వద్దు. మిరప కోతలకెళ్ళే మన అమ్మలూ అక్కలూ నడుస్తారు. బండ్లన్నీ వాళ్ళ వెనక, వాళ్ళ నడకనే రావాలి.