బాలింత ఏడవకూడదా?

"పండులాంటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆ ఏడుపేమిటే? నీకేం తక్కువైందని?"

ఈ మాట వినపడని పురిటిల్లు అరుదు. అనేవాళ్ళు పరాయివాళ్ళేం కాదు. కన్నతల్లి, మేనత్త, పక్కింటి పిన్నిగారు. మాటలో ప్రేమ ఉంది. కానీ దాని అడుగున ఒక తీర్పు కూడా ఉంది, చూశారూ? బిడ్డ పుట్టాక సంతోషించడం తల్లి ధర్మమనీ, సంతోషించలేని తల్లి ఏదో తప్పు చేస్తోందనీ. అసలు సంతోషం ధర్మమవుతుందా అన్నదే నా సందేహం. పాలివ్వమంటే ఇవ్వగలం, రాత్రి నాలుగుసార్లు లేవమంటే లేవగలం. ఆనందించమని ఆజ్ఞాపిస్తే మనసు వింటుందా?

బాలింత ఒంటిని చూసుకోవడంలో మన పెద్దవాళ్ళకు వంక పెట్టలేం. చెవుల్లో దూది, నూనె మర్దన, వేణ్ణీళ్ళ స్నానం, పథ్యం - ఏదీ మరిచిపోరు. పురిట్లో తల్లి బతికి బయటపడితే చాలనుకున్న రోజుల నుంచి వచ్చిన జాగ్రత్తలవి, వెక్కిరించను. అయితే చూడవచ్చిన వాళ్ళంతా బిడ్డ ముక్కు ఎవరిదో, రంగు ఎవరిదో తేల్చి వెళ్ళిపోతారు. "నువ్వెలా ఉన్నావమ్మా?" అని ఎవరైనా అడిగినా, కుట్లు మానాయా అనే దాని అర్థం!

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉన్నదే. రెండు వారాల్లో సర్దుకుంటుంది. సర్దుకోకుండా, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర రాక, దేనిమీదా మనసు పోక, "నేను పనికిరాని తల్లిని" అన్న ఆలోచనే తిరుగుతూంటే మాత్రం అది జబ్బు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, 20 వేలకు పైగా తల్లుల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. 22 శాతం మందికి ఈ కుంగుబాటు ఉందని తేలింది. అయిదుగురిలో ఒకరన్నమాట. మీ వీధిలో ఎందరో లెక్కేసుకోండి.

బోధన్ పక్క పల్లెలో ఒక అమ్మాయిని ఊహించుకోండి. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. మా నిజామాబాద్ వైపు అది వింతేం కాదు. బిడ్డను ఫోనులో చూసి మురిసిపోతూంటాడు. ఫోను పెట్టేసేదాకా ఈమె నవ్వాలి. ఎడారిలో కష్టపడే మనిషికి తన దిగులు కూడా ఎందుకని దాచుకుంటుంది. అత్తకు చెబితే గాలి సోకిందంటుంది. అమ్మకు చెబితే బెంగపెట్టుకుంటుంది. ఇలా అందరినీ ఈమే కాపాడుతోంది. ఈమెను కాపాడేదెవరు?

మా జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు అరుగు మీద చేరి, చాటలు ఒళ్ళో పెట్టుకుని, చేతులు ఆపకుండానే ఒకరి గోడు ఒకరు వింటారు. వాళ్ళకు కష్టాలు లేవని కాదు, వినే చెవి ఉంది. మధ్యతరగతి వాళ్ళం మనం తలుపేసుకుని, టీవీ గొంతు పెంచి మరీ ఏడుస్తాం.

చెవి ఒక్కటే చాలని రోజులూ ఉంటాయి. చెరుకు పండే ఊళ్ళవాళ్ళం, చక్కెర జబ్బుకు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడం కదా! మనసు జబ్బుకు వెళ్ళాలంటే మాత్రం పిచ్చిదన్న ముద్ర వేస్తారని, బిడ్డను లాక్కుంటారని భయం. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆ భయానికి జవాబిచ్చింది: ఆస్పత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలకు కలిపే వార్డుంది. చాలామందికి మాట్లాడించి చేసే చికిత్సే సరిపోతుంది. మందు కావాలన్నా, పాలిచ్చే తల్లికి తగినది డాక్టరే చూసి రాస్తారు. 2022 అక్టోబరులో మొదలైన 14416 నంబరుకు ఏ వేళప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. తనకో బిడ్డకో హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడినా ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఇక ధర్మం సంగతి. మనసులో ఏ ఆనందమూ లేకపోయినా అర్ధరాత్రి లేచి పాలిచ్చిన తల్లికి ప్రేమ లేదనగలమా? ఆనందంతో చేసేవాళ్ళకు అది తేలిక. ఆమె మాత్రం ఎండిన బావిలోంచి తోడి పోసింది. అలాగని దాన్ని త్యాగమని పొగిడి, ఆమెను ఆ బావి దగ్గరే వదిలేస్తే ఆ పాపం మనది. సాయం అడగడం బలహీనతా అని ఆమెను నిలదీసే ముందు, అడిగేదాకా ఎందుకు రానిచ్చామో మనల్ని మనం అడుక్కోవాలి.

ఈసారి పురిటింటికి వెళితే బిడ్డను చూడబోయే ముందు తల్లి పక్కన కూర్చోండి. "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" అని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా లేవకండి.