వృత్తి, ప్రవృత్తి, సాక్ష్యం

వృత్తి కడుపు నింపుతుంది, ప్రవృత్తి మనసు నింపుతుంది, రెంటినీ సమతూకంలో వుంచుకున్నవాడు ధన్యుడు అని మనవాళ్ళు చాలాకాలంగా అంటున్నారు. వినటానికి ఇది బాగానే వుంటుంది. కాని రెండు వస్తువులను త్రాసులో వెయ్యాలంటే అవి విడివిడిగా వుండాలి. ఒకటి రెండోదాని బరువును మార్చకూడదు. మనిషి జీవితంలో వృత్తీ, ప్రవృత్తీ అలా విడివిడిగా వుంటాయా? నా అనుమానం అక్కడే.

నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వ్యాపారం చేసి బతికేవాణ్ణి. చిన్నప్పటినుంచీ ఫోటోలు తీస్తున్నాను. తీసేది ఎక్కువగా రాళ్ళను, ఈ వూరి చుట్టూ ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గ్రానైటు గుండ్లను. ఆ శిల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. వాటిని ఎవరూ పేర్చలేదు. నేలలోపలి శిల పగుళ్ళవెంట నీరు దిగి, మెత్తబడిన భాగం కొట్టుకుపోగా గట్టి భాగం గుండ్లై మిగిలింది.

వ్యాపారంలో మునిగి వుండి దీనికి తీరిక ఎలా చిక్కుతుందని మిత్రులు అడుగుతారు. ఎలా చిక్కుతుందన్నది పెద్ద ప్రశ్న కాదు. ఆదివారాలున్నాయి, తెల్లవారుజాములున్నాయి, రాతిమీద ఏటవాలుగా వెలుగు పడేదీ అప్పుడే. ఆ తీరిక ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే అది ప్రశ్న అవుతుంది. అమెరికాలో పగటివేళ జరిగే పనికోసం మా సంస్థలో కొందరు తమ రాత్రులు ఖర్చుపెడతారు. ఆదివారం పొద్దున నేను గుట్టమీద వుంటే ఇంట్లో పొయ్యి మరొకరు వెలిగిస్తారు. తీరిక ఆకాశంనుంచి వూడిపడేది కాదు. ఒకరి శ్రమ మరొకరికి తీరిక అవుతుంది. కనక ప్రవృత్తి నా సొంత వ్యవహారమనీ, దానికి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదనీ అనటం చెల్లదు.

ప్రవృత్తినే వృత్తిగా చేసుకుంటే చిక్కు విడిపోతుందని కొందరు వాదిస్తారు. దీనికి మన వూళ్ళోనే గొప్ప ఉదాహరణ వున్నది. లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. 1874లో ఫోటోగ్రఫీ మొదలుపెట్టాడు. తరువాత ఉద్యోగం వదిలి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. సికిందరాబాదులో స్టూడియో నడిపాడు. 1892లో పరదా పాటించే స్త్రీలకోసం హైదరాబాదులో ప్రత్యేకంగా ఒకటి తెరిచాడు. ఆయన తీసిన కట్టడాల ఫోటోల్లో నక్షాలు గీసిన చెయ్యి కనిపిస్తుంది. వదిలేసిన వృత్తి ఆయన్ను వదలలేదు. అయితే ఆ కెమెరా ఎక్కువగా ఎటు తిరిగింది? రాజభవనాలవైపు, వేటలవైపు, వైస్రాయిల పర్యటనలవైపు. ఇందుకు ఆయన్ను తప్పుపట్టనక్కర్లేదు. డబ్బిచ్చేవాడున్నచోట చూపుకు కూడా యజమాని వుంటాడు. ప్రవృత్తి వృత్తి అయినంతమాత్రాన యజమాని పోడు, మారతాడు.

ప్రవృత్తి అంటే విశ్రాంతి, అలిసిన మనసుకు మందు అనేవాళ్ళున్నారు. ఇది మరింత మర్యాదగా కనిపించే వాదన, కనక మరింత ప్రమాదకరం. ఆ మందు దేనికి? సోమవారం మళ్ళీ అదే పనిలోకి, ఏ ప్రశ్నా వేసుకోకుండా దిగటానికి. అప్పుడు ప్రవృత్తి వృత్తికి నౌకరు అవుతుంది. వారమంతా మనం చేసిన పని మంచిదో చెడ్డదో అది అడగదు.

ఇంకో తోవ లేకపోలేదు. అమెరికాలో బఫెలో నగరవాసి మిల్టన్ రొగోవిన్ (1909–2011) కళ్ళు పరీక్షించి అద్దాలు ఇచ్చే వృత్తిలో వుండేవాడు. 1957లో అక్కడి ప్రతినిధుల సభవారి అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ఆయన్ను పిలిపించింది. వామపక్షవాది అని ముద్రపడేసరికి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. నోరు మూయించినవాళ్ళకు ఆయన కెమెరాతో జవాబు చెప్పాడు. ఇల్లు గడిచింది ఉపాధ్యాయిని అయిన భార్య ఆన్ జీతంమీద. 1972లో ఆ నగరంలోని ఒక పేదపేటలో ఫోటోలు తియ్యటం మొదలుపెట్టి, అవే కుటుంబాల దగ్గరికి 1980లలో, 1990లలో, 2000 తరువాత కూడా వెళ్ళి తీశాడు. ఎలా నిలబడాలో వాళ్ళ ఇష్టానికే వదిలేవాడు. కొనేవాడి గడువులేదు, ఒప్పందం లేదు. అయినా ముప్ఫైయేళ్ళపాటు ఆయన తన ఫోటోల్లోని మనుషులకు తనంతట తాను జవాబుదారీ అయ్యాడు.

నా విషయంలో ఈ జవాబుదారీ నేలమీదనే కనిపిస్తున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటినుంచీ నగరానికి పడమట పెరిగిన కార్యాలయాలకు చోటు, చాలాచోట్ల, గుండ్లను పేల్చి చదును చెయ్యగా వచ్చింది. వృత్తికోసం నేను కూర్చునే గదీ, ప్రవృత్తికొద్దీ నేను వెతికే రాయీ ఒకే జాగాకోసం పోటీపడుతున్నాయి. ఒకటి రెండోదాన్ని తింటూ వుంటే రెంటికీ సమతూకమేమిటి?

2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను ఐటీ అవసరాలకోసం చదును చెయ్యబోతే విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఆ రోజుల్లోనే నిజమైన ఫోటోలమధ్య కృత్రిమ మేధ కల్పించిన బొమ్మలు కూడా తిరిగాయి. వాటిని చూపి ప్రభుత్వం ఇదంతా తప్పుడు ప్రచారమన్నది, కేసులు కూడా పెట్టారు. కూలిన చెట్టు నిజం. కాని ఒక్క కల్పిత చిత్రం పది నిజమైన ఫోటోల సాక్ష్యాన్ని చెడగొట్టగలదు. అలాంటి చిత్రాలను తయారుచేసే విద్య నా వృత్తిలో పుట్టింది. దానివల్ల నష్టపడింది నా ప్రవృత్తి.

అందుచేత వ్యాపారం మూసేసి గుట్టలు పట్టుకు తిరగమని నేననను. కొన్ని కుటుంబాలు దానిమీద బతుకుతున్నాయి. నేను తప్పుకున్నంతమాత్రాన ఒక్క గుండు కూడా మిగలదు. నేననేది ఇది: ప్రవృత్తి వృత్తిమీద సాక్ష్యం చెప్పాలి. రాయిని ఫోటో తీసినప్పుడు చోటూ, తేదీ రాసిపెట్టాలి. కెమెరాలో పడిన అసలు ప్రతిని మార్చకుండా దాచాలి. ఏటా అదే చోటికి వెళ్ళాలి. రాయి పోతే అది పోయిన చోటును కూడా తియ్యాలి. దాన్ని కొట్టే వడ్డెర కూలీని, వెనక లేచిన క్రేనును, అందం చెడుతుందని తప్పించకూడదు. అలాగే వృత్తి కూడా ప్రవృత్తి మాట వినాలి. కొత్త కార్యాలయానికి చదరపు అడుగు అద్దె ఎంతో అడిగే వ్యాపారి, ఇదివరకు అక్కడ ఏమున్నదో కూడా అడగాలి.

కళమీద ఇంత బరువు మోపితే ఆనందం చచ్చిపోదా అనవచ్చు. తెల్లవారుజామున రాతిమీద వెలుగు పడటం చూసినప్పటి ఆనందం అంత అర్భకమైనదని నేననుకోను. ఆ రాయి నిలుస్తుందా అన్న ప్రశ్న మనసులో వున్నవాడు దాన్ని మరింత శ్రద్ధగా చూస్తాడు. వృత్తిలో రేపు తాను చెయ్యబోయే పనిని కూడా అంతే శ్రద్ధగా చూసినప్పుడు ప్రవృత్తివల్ల అతనికీ, ఇతరులకూ నిజమైన ప్రయోజనం కలుగుతుంది.