పై కోటు తేలాకే రంగు కొను

తల్లీ,

గిటారు కిట్ వచ్చిందట, బైకులకు కొట్టే నీలం మెటాలిక్ స్ప్రే డబ్బా కొన్నావట, పైన మెరుపు కోసం నైట్రో క్లియర్ కూడా ఆర్డర్ పెట్టావట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే ఎంత ముచ్చటేసిందో! నీ చేత్తో నువ్వే రంగు వేసుకున్న వాయిద్యాన్ని భుజాన తగిలించుకోవడంలో ఉండే ఆనందం వేరు. ఆ ఆనందం నీకు పూర్తిగా దక్కాలనే, డబ్బా మూత తీయకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను. రంగు మంచిదే అయ్యుంటుంది, క్లియరూ మంచిదే అయ్యుంటుంది. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పడుతుందో లేదో ముందు తేల్చుకోవాలమ్మా.

డబ్బా వెనక సన్న అక్షరాలు ఓపిగ్గా చదువు. ముందువైపు రాసే పేర్లను నమ్ముకోకు. ‘లాకర్’ అని పెద్దగా రాసి ఉన్నంత మాత్రాన అది నైట్రో కానక్కర్లేదు, యాక్రిలిక్ కావచ్చు. చేతికి అంటితే దేనితో తుడవమన్నాడో చూడు. టర్పెంటైన్ అంటే చాలావరకు అది ఆల్కిడ్ ఎనామిల్. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ అంటే లాకర్ కుటుంబం. నీళ్లు చాలంటే వాటర్ బేస్డ్. ఏ థిన్నర్‌కు కరుగుతుందో తెలిస్తే ఆ రంగు స్వభావం సగం తెలిసినట్టే.

ఎందుకంటే ఇవన్నీ ఒకే తీరుగా ఆరవు. నైట్రో లాకర్‌లో జరిగేది చాలా సులువైన పని: థిన్నర్ గాలిలో కలిసిపోతుంది, పొర మిగులుతుంది. మళ్లీ థిన్నర్ తగిలితే ఏళ్ల తర్వాతైనా కరుగుతుంది. అందుకే ఒక కోటు మీద ఇంకో కోటు కొడితే రెండూ కలిసి ఒకే పొర అవుతాయి. ఎనామిల్ అలా కాదు. అందులోని ద్రావకం కొన్ని గంటల్లో పోయినా, తర్వాత గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని లోపల్లోపల గట్టిపడుతూ ఉంటుంది. దానికి వారాలు పడుతుంది. చేతికి అంటడం లేదు కదా అని ఆరిపోయిందనుకుంటాం. ఆ సమయంలో పైన నైట్రో కొట్టావనుకో, అందులోని ఘాటైన థిన్నర్ ఎనామిల్‌లోకి చొరబడుతుంది. ఎనామిల్ పూర్తిగా కరగనూలేదు, ఉన్నచోట ఉండనూలేదు. ఉబ్బుతుంది, చెక్కను వదిలి పైకి లేస్తుంది. కాగిన పాల మీది మీగడను వేలితో నెడితే పడే ముడతలే గిటారంతా పడతాయి. ఆ తర్వాత రుద్ది సరిచేసేది ఏమీ ఉండదు, చెక్కదాకా గీకేయడమే.

వెంటనే ముడతలు పడితే ఒక రకంగా మేలు, సంగతి తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఆ రోజుకు అద్దంలా నిలుస్తుంది. మెత్తగా ఉన్న అడుగు పొర మీద గట్టి పొర కూర్చుంటుంది. అడుగుది నెమ్మదిగా కుంచించుకుపోతుంటే పైది దానితో పాటు కదల్లేక కొన్ని నెలలకు పగుళ్లిస్తుంది. అప్పటికి నువ్వు తీగలు బిగించి, స్నేహితులందరికీ చూపించి ఉంటావు. నాకు దిగులంతా ఇదే.

ఎనామిల్ మీద ఎనామిల్ కొట్టేటప్పుడు కూడా గడియారం చూసుకోవాలి. కొన్ని డబ్బాల మీద ‘గంటలోపు, లేదా 48 గంటల తర్వాత’ రెండో కోటు కొట్టమని ఉంటుంది. ఆ మాటలో రెండు సగాలూ ముఖ్యమే. గంటలోపు అయితే రెండు పొరలూ కలిసి ఆరతాయి. 48 గంటలు దాటితే కింది పొర తట్టుకునేంత గట్టిపడి ఉంటుంది. నడి మధ్యన కొడితే అదే కంపెనీ, అదే రంగు అయినా ముడుచుకుంటుంది. డబ్బాకూ డబ్బాకూ ఈ గంటలు మారతాయి కాబట్టి నీ డబ్బా ఏం చెబితే అదే పాటించు.

మరి ఆ పాత ఫెండర్ గిటార్లకు కార్ల రంగులు ఎలా పట్టాయి అని అడుగుతావు, నాకు తెలుసు. మన ఫర్నిచర్ పాలిష్ వాళ్లు ఇప్పటికీ డ్యూకో కొట్టిస్తామంటారు చూడు, ఆ డ్యూకో 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్. 1950లు, 60లలో కాలిఫోర్నియాలో ఫెండర్ వాళ్లు గిటార్లకు కొట్టిన ప్రత్యేక రంగుల్లో చాలావరకు డ్యూపాంట్ కార్ల రంగులే. ఫియస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్‌ది, నీకు ఇష్టమైన లేక్ ప్లాసిడ్ బ్లూ క్యాడిలాక్‌ది. కొన్ని డ్యూకో, కొన్ని ల్యూసైట్ అనే యాక్రిలిక్ లాకర్. రెండూ లాకర్లే, రెండూ థిన్నర్ ఎగిరిపోయి ఆరేవే. కాబట్టి వాటి మీద నైట్రో క్లియర్ హాయిగా కూర్చుంది. కార్ల రంగు అన్నదొక్కటే చూసి ఈనాటి బైకు డబ్బా కూడా అంతేననుకుంటే పొరపాటు. ఇంకో సంగతి, నైట్రో కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. పాత లేక్ ప్లాసిడ్ బ్లూ గిటార్లు కొన్ని ఆకుపచ్చగా కనబడేది పైనున్న క్లియర్ పసుపెక్కడం వల్లే. నీ నీలం ఎప్పటికీ నీలంగానే ఉండాలంటే నైట్రో నీకు సరైనది కాదు, యాక్రిలిక్ క్లియర్ మేలు.

అందుకే అంటున్నాను, ముందు పై కోటు ఏదో నిర్ణయించుకో, తర్వాత దానికి తగ్గ రంగు, ఆ తర్వాత రంగుకు తగ్గ అడుగు పూత, అంటే సీలర్. పైనుంచి కిందికి ఎంచుకుని, కిందినుంచి పైకి కొట్టాలి. నైట్రోయే కావాలంటే అడుగునుంచీ ఆ దారే పట్టు: ఎన్.సి. సాండింగ్ సీలర్, లాకర్ రంగు, ఎన్.సి. క్లియర్. చెక్క పాలిష్ సామాను అమ్మే కొట్లో సీలర్, క్లియర్ రెండూ దొరుకుతాయి. స్ప్రే డబ్బాలతోనే సరిపెట్టుకోవాలంటే ఒకే కంపెనీ, ఒకే వరుసలోని ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకేసారి కొనుక్కో. నీలాంటి మొదటిసారి వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే.

కొన్న నీలం తీరా ఎనామిల్ అని తేలి, నైట్రో మీద మనసు చావక, రెండూ కావాలంటావేమో. దారి ఉంది, ఓపిక కావాలి. ఎనామిల్‌ను కొన్ని వారాలు వదిలెయ్. ముక్కు దగ్గర పెట్టుకుంటే రంగు వాసన బొత్తిగా రాకూడదు. అప్పుడు మధ్యలో లక్క పొర వెయ్యి. వడ్రంగులు స్పిరిట్‌లో నానబెట్టే చపడా లక్కే, మన దేశంలో లక్క పురుగులు ఇచ్చేదే. నానిన ద్రావణాన్ని కదపకుండా ఉంచితే మైనం అడుక్కి చేరుతుంది, పైన తేరిన దాన్ని మాత్రమే వంచుకో. మైనం తీసిన లక్క దాదాపు అన్నిటి మీదా పడుతుంది, దాని మీద దాదాపు అన్నీ పడతాయి. మైనం ఉంటే పాలీయూరిథేన్ లాంటివి సరిగ్గా పట్టవు. అయితే లక్కను గోడ అనుకుని నైట్రోను తడిసి కారేలా కొట్టకు, థిన్నర్‌కు లక్క కూడా కొంత మెత్తబడుతుంది. మొదటి రెండు మూడు కోట్లు మంచు రాలినంత పలచగా పోనిచ్చి, మధ్యలో ఆరనివ్వు.

నీది మెటాలిక్ రంగు కదా, దాన్ని నీళ్ల పేపర్‌తో రుద్దకు. రుద్దితే అందులోని రేకుల తళుకు చెదిరి మచ్చలు తేలతాయి. డబ్బా మీద చెప్పిన వ్యవధిలోనే క్లియర్ కొట్టేయ్, రుద్దేదేదైనా క్లియర్‌నే రుద్దు. మెడ బిగించే గుంటలో టేపు వేయడం మరవకు, అక్కడ రంగు మందమైతే మెడ సరిగ్గా కూర్చోదు.

మీది విశాఖ, ముసురు రోజుల్లో లాకర్ జోలికి పోవద్దు. థిన్నర్ ఎగిరేటప్పుడు పొర చల్లబడుతుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి పొగలా పట్టేస్తుంది. పడితే కంగారు పడకు, పొడి రోజు చూసి రిటార్డర్ థిన్నర్ పలచగా కొడితే చాలాసార్లు పోతుంది.

గట్టిపరిచే మందు కలిపి కొట్టే టూ-కె క్లియర్ గురించి ఎవరైనా చెబితే, గట్టిదనం నిజమే, ఒప్పుకుంటాను. డబ్బా అడుగున మీట నొక్కితే లోపల గట్టిపరిచే మందు కలిసేవి కూడా వస్తున్నాయి. ఆ మందులో ఐసోసయనేట్లు ఉంటాయి తల్లీ. ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, ఆ తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా వస్తుంది. కార్ల షెడ్లలో ప్రత్యేకంగా గాలి అందించే మాస్కులతో చేసే పని అది. ఇంట్లో, బాల్కనీలో వద్దే వద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు. మామూలు లాకర్ కొట్టేటప్పుడైనా దుమ్ము మాస్కు ఆవిరిని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కొనుక్కో. దగ్గర్లో దీపం, పొయ్యి, అగరొత్తి ఏదీ వెలుగుతూ ఉండకూడదు.

ఇక గిటారు మీద మొదటి చుక్క పడకముందే అదే రకం చెక్క ముక్క ఒకటి తీసుకుని సీలర్‌తో మొదలుపెట్టి క్లియర్ దాకా అన్ని కోట్లూ, అవే వ్యవధులతో వెయ్యి. కొన్నాళ్లు ఉంచి గోరుతో నొక్కు. బ్లేడుతో అడ్డంగా నిలువుగా సన్నని గళ్లు గీసి, టేపు గట్టిగా అంటించి లాగు. గళ్లలోంచి రంగు లేచి వచ్చిందంటే ఆ జోడీ పనికిరాదు. ఎవరు సిఫారసు చేసినా, ఎంత ఖరీదు పెట్టి కొన్నా సరే.

అంతా కుదిరాక, నైట్రో అయితే గిటారును మూడు నాలుగు వారాలు వేలాడదీసి ఉంచి, అప్పుడు 1000, 1500, 2000 నీళ్ల పేపర్లు వరుసగా, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. స్క్రూ రంధ్రాల్లోకి నీళ్లు పోనివ్వకు, చెక్క ఉబ్బి చుట్టూ రంగు చిట్లుతుంది. స్టాండు మీద పెట్టేటప్పుడు దాని రబ్బరు, ప్లాస్టిక్ తొడుగులకు నూలుబట్ట చుట్టు. వాటిలోని నూనెలు నైట్రోను మెత్తబరిచి అచ్చులు వేసేస్తాయి.

ఈ వారం చెక్క ముక్క పని మొదలుపెట్టు. ఆరాక ఫొటో పంపొద్దు, ముక్కనే తీసుకురా, నేనూ గోరు పెట్టి చూస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య